దేశాభిమానం ఎక్కడిదాకా బలం, ఎక్కడినుంచి జబ్బు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం దేశభక్తి చుట్టూనే తిరిగాయి. గర్వపడటం తప్పా అని కొందరు, గర్వపడకపోతే తప్పా అని ఇంకొందరు అడిగారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, వీలైనంత వివరంగా జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: దేశభక్తి మంచిది, జాతీయోన్మాదం చెడ్డది అని అందరూ అంటారు. తీరా చూస్తే ప్రతివాడూ తనది భక్తి, ఎదుటివాడిది ఉన్మాదం అంటాడు. మాటలు పక్కన పెడితే, ఈ తేడాను కొలిచే మార్గం ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. 1989లో కోస్టర్మన్, ఫెష్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రశ్నావళి తయారుచేసి ఈ పనే చేశారు. దేశం మీద మమకారం ఒక గుణమనీ, నా దేశం మిగతా దేశాల మీద పైచేయిగా ఉండాలన్న కోరిక ఇంకో గుణమనీ వారికి తేలింది. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. కానీ మొదటిది ఎక్కువైతే రెండోది పుట్టుకొస్తుందన్న నియమం లేదు. కాబట్టి "దేశభక్తి మోతాదు మించితే ఉన్మాదం" అనే మాట సరికాదు. అది మోతాదు తేడా కాదు, సరుకే వేరు.

1999లో షాట్జ్, స్టాబ్, లవీన్ అనే ముగ్గురు ఇంకో అడుగు ముందుకు వేశారు. దేశాన్ని ప్రేమించేవాళ్లలోనే విమర్శను సహించలేని గుడ్డి అభిమానులనూ, తప్పు కనిపిస్తే దిద్దాలనుకునేవాళ్లనూ విడదీసి చూశారు. రెండో రకం వాళ్లు దేశ వ్యవహారాలు ఎక్కువగా తెలుసుకుంటున్నారు, పౌరులుగా ఎక్కువ పాల్గొంటున్నారు. గుడ్డి అభిమానం ఉన్నచోట రాజకీయాలను పట్టించుకోకపోవడం కనిపించింది. గట్టిగా అరిచేవాళ్లే ఎక్కువ పనిచేస్తారనుకునేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి.

తెలుగు సామెతల్లో చెప్పాలంటే, కాకిపిల్ల కాకికి ముద్దు అన్నది ఆరోగ్యం. ఆ ముద్దుకు కోకిలపిల్ల చచ్చిపోనక్కర్లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నది జబ్బు.

మీరే చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాం. జాతీయ భావనల మీద పలు దేశాల్లో 1995, 2003, 2013లలో జరిగిన ఒక అంతర్జాతీయ సర్వేలో పది విషయాలు ఇచ్చి, ఒక్కోదాని గురించి ఎంత గర్వపడుతున్నారని అడిగారు. ప్రజాస్వామ్యం నడిచే తీరు, ప్రపంచంలో పలుకుబడి, ఆర్థిక ప్రగతి, సామాజిక భద్రత, విజ్ఞానం, క్రీడలు, కళలూ సాహిత్యమూ, సైన్యం, చరిత్ర, అన్ని వర్గాలనూ సమానంగా చూడటం. ఒక కాగితం మీద ఈ పదీ రాసి, ఎదురుగా "చాలా, కొంత, పెద్దగా లేదు, అసలు లేదు" అని నాలుగింటిలో ఒకటి వేయండి. సర్వేలో లేని పని ఇంకొకటి చేయండి: ప్రతిదాని పక్కనా ఒక కారణం రాయండి. పదింటికీ "చాలా" వేసి, కారణం మాత్రం రెండింటికే దొరికితే మీది ఇంకా చూడని దేశం మీద ప్రేమ. సైన్యానికీ చరిత్రకీ "చాలా" పడి, సామాజిక భద్రతకీ సమానత్వానికీ ఏం వేయాలో తోచకపోతే, మీ గర్వం ఎక్కువగా ఎప్పుడో ఎవరో చేసినదాని మీద నిలబడి ఉందని అర్థం. అది నేరం కాదు. మీరు చేయాల్సిన పని ఎటువైపు ఉందో మాత్రం అది చూపిస్తుంది.

ఇంకో చిన్న గుర్తు. మీ మాట పూర్తి కావడానికి వేరే దేశం పేరు అవసరమవుతోందా? "మా పిల్లలందరికీ చదువు రావాలి" అన్న మాటకు పొరుగుదేశం అక్కర్లేదు. "వాళ్లకన్నా మేమే" అన్న మాట వాళ్లు లేకపోతే నిలబడదు.

ప్రశ్న: ఈ భావన వల్ల నిజంగా చేతికందే లాభం ఏమైనా ఉందా? లేక నాయకులకే ఉపయోగమా?

జవాబు: ఉంది, కొలిచి చూపించినదే ఉంది. ఆర్థికవేత్త ఎడ్వర్డ్ మిగెల్ 2004లో ప్రచురించిన పరిశోధనలో కెన్యాలోని బుసియా, టాంజానియాలోని మెయాటు ప్రాంతాలను పోల్చాడు. రెండుచోట్లా పలు తెగల జనం కలిసి బతుకుతారు. కెన్యా వైపు, ఎక్కువ తెగలు కలిసి ఉన్నచోట ఊరి బడికి చందాలు తగ్గిపోయాయి. "వాళ్ల పిల్లల కోసం నేనెందుకు ఇవ్వాలి" అన్న లెక్క అది. టాంజానియా వైపు ఆ తగ్గుదల లేదు. కారణంగా ఆయన చూపింది, స్వాతంత్ర్యం వచ్చాక టాంజానియా ప్రభుత్వం చేసిన పనులను: స్వాహిలీని అందరి భాషగా నిలబెట్టడం, పాఠాల్లో తెగకన్నా దేశాన్ని ముందు పెట్టడం, ప్రాంతాల మధ్య నిధులు సమంగా పంచడం. అంటే "మనం" అన్న మాట పెద్దదైతే బడికి బల్లలు వచ్చాయి. పన్ను ఎగవేయకపోవడం, విపత్తులో ముక్కూమొహం తెలియనివాడికి సాయపడటం కూడా ఈ "మనం" మీదే ఆధారపడతాయి.

అయితే అదే టాంజానియాలో 1970లలో జాతి నిర్మాణం పేరుతోనే లక్షలాది రైతులను బలవంతంగా కొత్త గ్రామాలకు తరలించారు. సేద్యం దెబ్బతింది. మేలూ కీడూ ఒకే దేశంలో, ఒకే నాయకత్వంలో పక్కపక్కనే నడిచాయి. అడిగి కలిపినచోట నిలిచింది, కొట్టి కలిపినచోట విరిగింది.

రెండో లాభం, బయటినుంచి దౌర్జన్యం వచ్చినప్పుడు తెలుస్తుంది. నార్వేను జర్మనీ ఆక్రమించాక, 1942లో క్విస్లింగ్ కీలుబొమ్మ ప్రభుత్వం ఉపాధ్యాయులంతా నాజీ తరహా సంఘంలో చేరాలని ఆజ్ఞాపించింది. వేలాది ఉపాధ్యాయులు ఇంచుమించు ఒకే మాటలున్న ఉత్తరం రాసి, తమ పేర్లతోనే సంతకాలు పెట్టి నిరాకరించారు. సుమారు 1,100 మందిని అరెస్టు చేశారు. అందులో దాదాపు 500 మందిని ఉత్తరాన కిర్కెనెస్‌కు పంపి గొడ్డుచాకిరీ చేయించారు. ఆ ఏడాది చివరికి ప్రభుత్వమే దిగివచ్చి వాళ్లను వదిలిపెట్టింది. ఆ సంఘం నిలబడలేదు. ఆ ఉపాధ్యాయులు ఏ జాతినీ తిట్టలేదు, మా పిల్లలకు ఇది నేర్పం అన్నారు, అంతే.

మూడోది బాల్టిక్ దేశాలది. 1989 ఆగస్టు 23న ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాల్లో సుమారు 20 లక్షల మంది 600 కిలోమీటర్లకు పైగా చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. తమ దేశాలను స్టాలిన్, హిట్లర్‌లు పంచుకున్న రహస్య ఒప్పందానికి ఆ రోజుకు 50 ఏళ్లు. అదే డిసెంబరులో సోవియట్ ప్రతినిధుల సభ ఆ రహస్య ఒప్పందాన్ని ఖండించక తప్పలేదు. ఇక్కడా కథ అంతటితో ఆగలేదు. స్వాతంత్ర్యం వచ్చాక లాత్వియా, ఎస్తోనియాల్లో స్థిరపడిన లక్షలాది రష్యన్ భాషీయులు ఏ దేశ పౌరసత్వమూ లేకుండా మిగిలిపోయారు. నిన్న గొలుసుగా కలిసిన చేతులు, ఈరోజు తలుపు మూసే చేతులు కావడానికి ఎంతోకాలం పట్టదు. గెలిచిన మర్నాడే ఈ జాగ్రత్త కావాలి.

ప్రశ్న: "తప్పయినా ఒప్పయినా నా దేశమే నాకు ముఖ్యం" అనడంలో తప్పేముంది? తల్లి తప్పు చేస్తే వీధిలో చెబుతామా?

జవాబు: ఈ మాటకు మూలం 1816లో అమెరికన్ నౌకాదళ అధికారి స్టీఫెన్ డెకేటర్ ఒక విందులో చెప్పినది. దానికి సరైన జవాబు 1872లో సెనేటర్ కార్ల్ షుర్జ్ ఇచ్చాడు: ఒప్పయితే అలాగే నిలబెట్టాలి, తప్పయితే సరిదిద్దాలి అని.

తల్లి పోలిక విషయానికి వద్దాం. తల్లికి జబ్బు చేస్తే వైద్యుడి దగ్గర దాచం. దేశం జబ్బును దాస్తే ఏమవుతుందో ఫ్రాన్స్ చూపించింది. 1894లో ఆల్ఫ్రెడ్ డ్రైఫస్ అనే యూదు సైనికాధికారిని, జర్మనీకి రహస్యాలు అమ్మాడని సైనిక న్యాయస్థానం శిక్షించి, డెవిల్స్ ఐలాండ్ అనే దీవికి పంపింది. 1896లో సైనిక గూఢచారి విభాగాధిపతి పికార్‌కు అసలు దోషి ఎస్టర్‌హాజీ అనే మరో అధికారి అని తెలిసింది. పై అధికారులకు చెప్పాడు. వాళ్లు ఆయన్ను ట్యునీషియాకు పంపించేశారు. తీర్పు తప్పంటే సైన్యం పరువు పోతుంది, సైన్యం పరువు పోతే జర్మనీకి అలుసైపోతాం, ఇదీ వాళ్ల తర్కం. ఆ తర్కాన్ని నిలబెట్టడానికి హెన్రీ అనే అధికారి దొంగపత్రం సృష్టించాడు. ఎస్టర్‌హాజీని 1898 జనవరిలో నిర్దోషిగా వదిలేశారు. రెండు రోజులకే రచయిత ఎమిల్ జోలా పత్రికలో బహిరంగ లేఖ రాస్తే, శిక్ష జోలాకే పడింది. ఆయన ఇంగ్లండ్‌కు వెళ్లిపోవాల్సి వచ్చింది. దొంగపత్రం బయటపడి హెన్రీ ఆత్మహత్య చేసుకున్నాక కూడా 1899లో రెండో విచారణ డ్రైఫస్‌ను మళ్లీ దోషే అంది. క్షమాభిక్ష మాత్రం పెట్టారు. పూర్తిగా నిర్దోషి అని తేలేసరికి 1906 వచ్చింది.

ఇప్పుడు లెక్క వేయండి. పరువు కాపాడాలనుకున్నవాళ్లు అసలు గూఢచారిని కాపాడారు, నమ్మకస్తుడిని బంధించారు, దేశాన్ని పన్నెండేళ్లు రెండుగా చీల్చారు. పరువు తీశాడని తిట్లు తిన్న పికార్ 1906లో అదే దేశానికి యుద్ధమంత్రి అయ్యాడు. డ్రైఫస్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫునే మళ్లీ సైన్యంలో పనిచేశాడు. ఎవరిది దేశభక్తో వేరే చెప్పాలా?

ప్రశ్న: మామూలుగా నెమ్మదైన మనుషులు కూడా ఉద్రిక్తత వచ్చిన రోజున మారిపోతున్నారు. పక్క దేశం వాళ్లంతా ఒకటే అంటారు. ఇది ఎలా జరుగుతుంది?

జవాబు: గుంపు కట్టడానికి మనిషికి ఎంత చిన్న కారణం చాలునో 1970 ప్రాంతంలో హెన్రీ టాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బడిపిల్లలతో పరీక్షించి చూపాడు. ఆయన పోలండ్‌లో పుట్టిన యూదు. కుటుంబాన్ని నాజీల మారణకాండలో పోగొట్టుకున్నవాడు. పిల్లలకు ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, మీకు ఇతను నచ్చాడు, వాళ్లకు అతను నచ్చాడు అని చెప్పి రెండు గుంపులు చేశారు. నిజానికి విడదీసింది ఇష్టాన్ని బట్టి కాదు, ఎలా పడితే అలా. తన గుంపు ఏదో తప్ప, మిగతావాళ్లలో ఎవరు ఏ గుంపులో ఉన్నారో పిల్లలకు తెలియదు. గొడవ లేదు, పరిచయం లేదు. ఆ తర్వాత డబ్బుగా మారే మార్కులు పంచమన్నారు. ఒక పట్టికలో ఒక కొసన మనవాడికి 19, అవతలివాడికి 25. ఇంకో కొసన మనవాడికి 7, అవతలివాడికి 1. మనవాడి లాభమే ముఖ్యమైతే 19 దగ్గర ఆగాలి. కానీ పిల్లల మొగ్గు మనవాడికి తగ్గినా సరే, అవతలివాడికన్నా పైన ఉండే వైపుకే కనిపించింది. సొంత గుంపు లాభం కోల్పోయైనా తేడా కొనుక్కున్నారు.

బొమ్మల ఇష్టంతోనే ఇంత జరిగితే జెండా, భాష, సరిహద్దు, చనిపోయినవాళ్ల జ్ఞాపకం కలిస్తే ఏమవుతుందో ఊహించండి. పైగా ఆ మంటను ఎప్పుడు ఎగదోయాలో పాలకులకు తెలుసు. అర్జెంటీనాలో 1982 మార్చి 30న సైనిక ప్రభుత్వానికి వ్యతిరేకంగా కార్మికులు బ్యూనస్ ఐరిస్ వీధుల్లోకి వచ్చారు, దెబ్బలు తిన్నారు. ఏప్రిల్ 2న సైన్యం బ్రిటన్ చేతిలో ఉన్న ఫాక్లండ్ దీవుల్లో దిగింది. కొద్ది రోజుల్లోనే నగరం నడిబొడ్డున ఉన్న మే చౌరస్తాలో జనం అదే నియంతకు జేజేలు పలికారు. జూన్ 14న లొంగుబాటు. అర్జెంటీనా వైపు 649 మంది, బ్రిటన్ వైపు 255 మంది, ముగ్గురు ద్వీపవాసులు చనిపోయారు. నియంత గాల్తియేరి రోజుల్లోనే పదవి దిగిపోయాడు. కాగితం మీద యుద్ధానికి కారణం దీవులు. ఆ నెలలోనే అది ఎందుకు వచ్చిందో తెలియాలంటే మార్చి 30 చూడాలి.

ప్రజాస్వామ్యాలూ దీనికి అతీతం కాదు. 2001 సెప్టెంబరు 11 దాడులకు ముందు గాలప్ సర్వేలో అమెరికా అధ్యక్షుడు బుష్‌ను మెచ్చినవాళ్లు 51 శాతం. అదే నెల ఆఖరి వారాల్లో 90 శాతం. మనిషి అదే, పాలన అదే. ఆపద వేళ నాయకుడి వెనక నిలబడటం సహజమే, చాలాసార్లు అవసరం కూడా. ప్రమాదం ఏమిటంటే, ఆ వేళలో తెచ్చిన చట్టాలు, మొదలుపెట్టిన యుద్ధాలు ఆ వేడి చల్లారాక కూడా మిగిలిపోతాయి. అందుకే ఉద్రిక్తత రోజుల్లో తీసుకునే ప్రతి అసాధారణ నిర్ణయానికి "ఎప్పటిదాకా?" అని ఒక తేదీ అడగడం పౌరుడి పని.

ప్రశ్న: ఫోన్లో వచ్చే "వాళ్లు మనవాళ్ల మీద దాడి చేశారు" లాంటి సందేశాలను ఎలా నమ్మాలి, ఎలా నమ్మకూడదు?

జవాబు: ముందు ఒక సంగతి. ఫోన్లు లేనప్పుడూ ఇది జరిగింది. 1931 సెప్టెంబరు 18న ఈశాన్య చైనాలోని మంచూరియాలో ముక్డెన్ దగ్గర జపాన్ ఆధీనంలోని రైలుపట్టా పేలింది. చైనావాళ్ల పని అన్నారు. పేల్చింది జపాన్ సైనికాధికారులే. పేలుడు ఎంత చిన్నదంటే కాసేపటికే ఆ పట్టా మీదుగా రైలు వెళ్లిపోయింది. దాన్ని చూపించి మంచూరియాను ఆక్రమించారు. 1939 ఆగస్టు 31 రాత్రి పోలండ్ సరిహద్దుకు దగ్గరి జర్మన్ ఊరు గ్లైవిట్జ్‌లో రేడియో కేంద్రం మీద "పోలిష్" దాడి చేసింది నాజీల ఎస్ఎస్ దళం మనుషులు. 1964 ఆగస్టు 4న వియత్నాం తీరంలోని టోన్కిన్ సింధుశాఖలో అమెరికా ఓడల మీద జరిగిందని చెప్పిన రెండో దాడి అసలు జరగనేలేదు. అయినా మూడు రోజులకు అమెరికా ప్రతినిధుల సభ 416–0తో, సెనేట్ 88–2తో అధ్యక్షుడికి సైనిక చర్యకు పూర్తి అధికారం ఇచ్చాయి.

ఈ మూడింటిలో ఉన్న పోలిక గమనించండి: సంఘటన చిన్నది, సాక్షి ఒక్క పక్షమే, జవాబు మాత్రం ముందే సిద్ధంగా ఉంది. మీ ఫోన్లో వచ్చేదానికీ ఇవే ఆనవాళ్లు వెతకండి.

మొదట చేయవలసింది ఆగడం. ఒక్క రాత్రి ఆగితే చాలా అబద్ధాలు వాటంతటవే రాలిపోతాయి. తర్వాత ఎక్కడ, ఏ తేదీన, ఎవరు చూశారు అన్నవి సందేశంలో ఉన్నాయా చూడండి. "నిన్న రాత్రి", "సరిహద్దులో" అని మాత్రమే ఉంటే దాన్ని ఎవరూ కాదని నిరూపించలేరు. అలా ఉండాలనే అలా రాస్తారు. బొమ్మ ఉంటే దాన్నే ఇంటర్నెట్‌లో వెతికించండి. పాత యుద్ధం బొమ్మ, వేరే దేశపు భూకంపం బొమ్మ, చివరికి వీడియో గేమ్ దృశ్యం కూడా తేలడం మామూలే. వీడియో అయితే శబ్దం ఆపి ఒకసారి చూడండి. మిమ్మల్ని ఉడికించింది దృశ్యమా, మీద అతికించిన గొంతా తెలుస్తుంది. బోర్డుల మీద లిపి, వాహనాల నంబరు పలకలు, బట్టలు చెప్పిన చోటికి సరిపోతున్నాయా గమనించండి. అవతలి దేశపు పత్రిక అదే సంఘటన గురించి ఏం రాసిందో ఒక్కటైనా చదవండి. నమ్మమని కాదు, ఇద్దరూ ఒప్పుకుంటున్న భాగం ఎంతో తెలియడానికి. ఆఖరున దేశాల పేర్లు తారుమారు చేసి చదవండి. అప్పుడు "దీనికి రుజువేది?" అనిపిస్తే, ఇప్పుడూ అదే అడగాలి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అనుమానంగా ఉన్నా "ఇది నిజమేనా?" అని రాసి పదిమందికి పంపుతారు. రెండో చేతికి వెళ్లేసరికి ఆ ప్రశ్న ఊడిపోతుంది, అబద్ధం ఒక్కటే మిగులుతుంది. అడగాలనుకుంటే తెలిసిన ఒక్కరిని విడిగా అడగండి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. తరగతిలో ఒక విద్యార్థి తమ మత విశ్వాసం కారణంగా జాతీయ గీతం పాడనంటున్నాడు. లేచి నిలబడతాడు, అల్లరి చేయడు. మిగతా పిల్లలు గొడవ చేస్తున్నారు. బలవంతం చేయాలా?

జవాబు: వద్దమ్మా. బలవంతం చేస్తే ఏమవుతుందో అమెరికా అనుభవం ఉంది. 1940లో అక్కడి సుప్రీంకోర్టు, జెండా వందనం చేయని, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన పిల్లలను బడినుంచి తీసేయడం సరైనదేనని 8–1తో తీర్పు చెప్పింది. ఆ తీర్పు "వీళ్లు ద్రోహులు" అన్న అనుమతిపత్రంలా పనిచేసింది. ఎన్నో ఊళ్లలో వాళ్ల మీద దాడులు జరిగాయి, మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో వాళ్ల ప్రార్థనామందిరాన్ని తగలబెట్టారు. మూడేళ్లకే, 1943 జూన్ 14న, అదే కోర్టు 6–3తో తన మాట వెనక్కి తీసుకుంది. అది రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, అక్కడ జెండా దినం నాడు. భారత సుప్రీంకోర్టు కూడా 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, గీతం వేళ గౌరవంగా నిలబడి పాడకుండా ఉన్న ముగ్గురు పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమంది. గౌరవం వేరు, గొంతు కలపడం వేరు అన్న తేడా ఆ తీర్పులో ఉంది.

తరగతిలో ఏం చేయాలంటే, ఆ పిల్లవాడు నిలబడే చోటు మార్చకండి. వెనక వరుసకు పంపితే అది శిక్ష, ముందుకు తెస్తే ప్రదర్శన. మిగతావాళ్లకు "నిలబడటం అందరి బాధ్యత, అది అతను చేస్తున్నాడు" అని ఒక్కసారి, ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి. రోజూ చర్చ పెడితే రోజూ అతనే విషయం అవుతాడు. ఫోన్లో తీసి పెట్టడాన్ని మాత్రం గట్టిగా అడ్డుకోండి. బడి గోడల మధ్య తేలాల్సిన విషయం ఊరి మీద పడేది అక్కడే. తల్లిదండ్రులతో ఒకసారి మాట్లాడి, మీ బడి నియమం ఏమిటో రాతపూర్వకంగా ప్రధానోపాధ్యాయుల దగ్గర ఉంచుకోండి. రేపు ఎవరైనా అడిగితే మీరొక్కరే నిలబడాల్సిన పని ఉండదు.

ప్రశ్న: చరిత్రలో మన దేశం చేసిన తప్పులు చెబితే పిల్లల్లో ఆత్మగౌరవం దెబ్బతినదా?

జవాబు: ఎలా చెబుతామన్న దాని మీద ఉంది. 1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాండ్ట్ వార్సాలో, నాజీల మీద తిరగబడి చనిపోయిన యూదుల స్మారకం ముందు మోకరిల్లాడు. బ్రాండ్ట్ స్వయంగా నాజీలకు ఎదురు తిరిగి దేశం విడిచి వెళ్లినవాడు. తాను చేయని తప్పుకు తన దేశం తరఫున మోకరిల్లాడు. ఆ రోజుల్లో ఒక సర్వేలో 48 శాతం జర్మన్లు అది అతి అన్నారు, 41 శాతం సరైనదన్నారు. ఈరోజు జర్మన్ బడుల్లో ఆ ఫొటో గర్వంగానే చూపిస్తారు. అంటే తప్పు ఒప్పుకోవడం కూడా గర్వకారణాల జాబితాలో చేరగలదు. దానికి కొంత కాలం పడుతుంది.

పాఠం చెప్పేటప్పుడు రెండు మాటలు కలిపేయకండి: "మనం దోషులం", "మనకు బాధ్యత ఉంది". పదేళ్ల పిల్లకు ముత్తాతల నేరం అంటగడితే, అవమానం భరించలేక కోపంగా మారుతుంది. ఆ కోపాన్ని వాడుకునేవాళ్లు బయట సిద్ధంగా ఉంటారు. దానికి బదులు ఆ కాలంలోనే ఆ తప్పును ఎదిరించిన స్వదేశీయుల గురించి చెప్పండి. ప్రతి దేశంలోనూ ఉంటారు. పిల్లలు తమను ఎవరితో పోల్చుకోవాలో వాళ్లకు దొరుకుతుంది. వీలైతే ఒకే యుద్ధం గురించి రెండు దేశాల పాఠ్యపుస్తకాల్లోని పేజీలు పక్కపక్కన పెట్టి చదివించండి. మూడు యుద్ధాలు చేసుకున్న ఫ్రాన్స్, జర్మనీలు 2006 నుంచి ఉమ్మడిగా రాసిన ఉన్నత పాఠశాల చరిత్ర పుస్తకాన్నే తీసుకొచ్చాయి.

ప్రశ్న: క్రీడల్లో దేశం కోసం కేకలు వేయడమూ ప్రమాదమేనా? అది హాయిగా ఉండే దేశభక్తి కదా!

జవాబు: చాలావరకు హాయే, ఎవరూ మానక్కర్లేదు. 1969లో ఎల్ సాల్వడార్, హోండురాస్ మధ్య జరిగినదాన్ని "ఫుట్‌బాల్ యుద్ధం" అంటారు గానీ, నిప్పు పెట్టింది బంతి కాదు. హోండురాస్‌లో బతుకుతున్న సుమారు 3 లక్షల మంది సాల్వడార్ రైతుల భూముల తగవు అది. ప్రపంచ కప్పు అర్హత మ్యాచ్‌లు ఎండుగడ్డి మీద పడిన నిప్పురవ్వలు. కాబట్టి మైదానంలో కేకలు మరీ చేదుగా మారితే మైదానం బయట ఏ తగవు ఉందో చూడాలి.

జాగ్రత్తపడాల్సింది ఇంటి లోపల. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ పోలీసు రికార్డులను మూడు ప్రపంచ కప్పుల కాలానికి పరిశీలిస్తే, జట్టు ఓడిన రోజుల్లో గృహహింస ఫిర్యాదులు 38 శాతం పెరిగాయి, గెలిచినా లేదా సమంగా ముగిసినా 26 శాతం పెరిగాయి. దేశం గెలిచిన రాత్రి కూడా దెబ్బలు తిన్న ఆడవాళ్లు ఉన్నారన్నమాట. మ్యాచ్ రోజున తాగుడు ఉన్న ఇంట్లో, పక్కింట్లో కాస్త చెవి ఒగ్గి ఉండండి.

ప్రశ్న: మేం వేరే దేశంలో స్థిరపడ్డాం. పిల్లలు అక్కడే పుట్టారు. వాళ్లు ఏ దేశాన్ని ప్రేమించాలి? రెండు దేశాలకూ అనుమానితులమే అవుతామేమోనని భయం.

జవాబు: భయం అకారణం కాదు. 1942 ఫిబ్రవరి 19న, జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఒక్క ఉత్తర్వుతో సుమారు 1,20,000 మంది జపనీస్ సంతతివాళ్లను ఇళ్ల నుంచి తీసి శిబిరాల్లో పెట్టారు. మూడింట రెండు వంతులు అక్కడి పౌరులే. ఆ శిబిరాల నుంచే యువకులు సైన్యంలో చేరి 442వ దళంలో పోరాడారు. దాని పరిమాణానికి, పనిచేసిన కాలానికి అమెరికా సైన్యంలో అత్యధిక పతకాలు పొందిన దళంగా దానికి పేరు. విధేయత నిరూపించుకోవడానికి ప్రాణాలు ఇచ్చారు. అయినా వాళ్ల తల్లిదండ్రులు కంచెల వెనకే ఉన్నారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికి ఉన్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇస్తామని చట్టం చేసేసరికి 1988 వచ్చింది. కాబట్టి పిల్లలకు "నిరూపించుకోండి" అని నేర్పకండి. ఆ పరీక్షకు పాస్ మార్కు ఎంతో పెట్టేవాళ్లు చెప్పరు.

నేర్పాల్సినవి చేతికి తగిలే పనులు. ఉంటున్న దేశపు భాష బాగా రావాలి, చట్టం తెలియాలి, వయసు రాగానే ఓటరుగా నమోదు కావాలి, ఊరి సమస్యల మీద జరిగే సమావేశాలకు వెళ్లాలి. ఇంటి భాషను ఇంట్లో నిలబెట్టుకోవడం దీనికి అడ్డు కాదు. ద్వంద్వ పౌరసత్వం మాత్రం భావోద్వేగంతో తేల్చే విషయం కాదు. కొన్ని దేశాలు ఒప్పుకోవు, కొన్నిచోట్ల తప్పనిసరి సైనిక సేవ, పన్ను బాధ్యత వెంట వస్తాయి. పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండకముందే రెండు దేశాల నియమాలూ చదివి పెట్టుకోండి. కొన్ని గడువులు ఆ వయసు చుట్టూనే ఉంటాయి. 1990లో బ్రిటిష్ నాయకుడు నార్మన్ టెబిట్, వలస వచ్చినవాళ్లు క్రికెట్లో ఏ జట్టును బలపరుస్తారో చూసి విధేయత తేల్చవచ్చన్నట్టు మాట్లాడి పెద్ద దుమారం లేపాడు. ఆ కొలబద్ద మీ గడప లోపలికి రానివ్వకండి. ఏ జట్టుకు చప్పట్లు కొట్టాలో పిల్లలకే వదిలేయండి.